టాంగిల్‌వుడ్ కచేరికి అత్తగారితో, ఆరేళ్ళ పాపతో

ప్రశ్న: నమస్తే అండీ. మేం మూడేళ్ళుగా బోస్టన్ శివార్లలో ఉంటున్నాం. ఈ వేసవికి మా అత్తగారు వచ్చారు. ఆవిడకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. కర్ణాటక సంగీతం బాగా తెలుసు, ఒకప్పుడు పిల్లలకి పాఠాలు చెప్పేవారు. మా పాపకి ఆరేళ్ళు. వేసవిలో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా టాంగిల్‌వుడ్‌లో ఆరుబయట వాయిస్తుందని, తప్పకుండా వెళ్ళమని ఆఫీసులో చెప్పారు. మావారు శనివారం రాత్రి కచేరికి లోపల కుర్చీలు బుక్ చేద్దామంటున్నారు. నాకేమో పచ్చిక మీద కూర్చోవాలని ఉంది. మాలో ఎవరమూ ఇంతవరకూ ఆర్కెస్ట్రా వినలేదు. అత్తగారికి విసుగొస్తుందేమో, పాప మధ్యలో మారాం చేస్తే ఎలా, వాన పడితే డబ్బు పోయినట్టేనా, రాత్రిపూట అంత దూరం తిరిగి రావడమెలా అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, మసాచుసెట్స్

జవాబు: ముందు టికెట్ల సంగతి తేల్చేద్దాం. ఆదివారం మధ్యాహ్నం కచేరికి, నలుగురూ లాన్ మీదకే తీసుకోండి. మీరు రాసిన భయాల్లో సగం ఈ ఒక్క నిర్ణయంతో పోతాయి.

ఎందుకో చెప్తాను. అక్కడ రాత్రి కచేరి మామూలుగా 8 గంటలకి మొదలై పది దాకా నడుస్తుంది. తర్వాత వేలమంది ఒకేసారి కార్లు తీస్తారు. అందులోంచి బయటపడి, ఆ చీకట్లో రెండున్నర గంటలు డ్రైవ్ చేసి ఇల్లు చేరేసరికి ఒంటిగంట అవుతుంది. మీవారు రోజంతా అలిసి ఉంటారు, అత్తగారి మోకాళ్ళు బిగుసుకుపోతాయి, పాప కారు సీటులో మెడ వాల్చేసి ఉంటుంది. మొదటిసారి వెళ్ళినవాళ్ళు ఇంటికొచ్చాక ముందుగా తలుచుకునేది ఈ ప్రయాణాన్నే, సంగీతాన్ని కాదు. ఆదివారం కచేరి మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో మొదలై ఐదులోపు అయిపోతుంది. వెలుతురు ఉండగానే ఇంటికి వచ్చేయొచ్చు. బుక్ చేసేముందు ఆ వారం టైములు వాళ్ళ సైటులో ఒకసారి చూసుకోండి.

లోపలి కుర్చీలు కావాలన్న మీవారి కోరికలో తప్పేమీ లేదు. ఆ కట్టడాన్ని షెడ్ అంటారు. పైకప్పు ఉంటుంది, మూడు పక్కలా గోడలుండవు, సుమారు ఐదువేలమంది పడతారు. వాద్యాలు కళ్ళముందు కనిపిస్తాయి, శబ్దం నేరుగా చెవిన పడుతుంది. సంగీతం వరకే చూసుకుంటే మంచి చోటు అదే. కానీ ఆరేళ్ళ పిల్ల వరస మధ్యలో కూర్చుని, ముప్పావుగంట సింఫనీలో (ఆర్కెస్ట్రా కోసం భాగాలుగా రాసిన పెద్ద రచన) ఇరవయ్యో నిమిషాన "అమ్మా, బాత్రూమ్" అంటే పదిమంది మోకాళ్ళు దాటుకుని బయటికి రావాలి. ఆ భయంతో తల్లి చెవి సంగీతం మీద నిలవదు. లాన్ మీదైతే పాప పడుకోవచ్చు, బొమ్మలు గీసుకోవచ్చు, మీ ఒళ్ళో తల పెట్టుకుని ఆకాశం చూడొచ్చు. పిల్లలకి లాన్ టికెట్ ఉచితం. అయినా పాప పేరు మీదా ఒక టికెట్ తీసుకోవాలి, బుక్ చేసేటప్పుడు మర్చిపోకండి. మీకు ఆ చోటు నచ్చితే, ఇంకో వేసవిలో పాపని ఎవరికైనా అప్పగించి మీరిద్దరే షెడ్‌లో కూర్చోండి.

ఇక వాన. టికెట్లు వాన పడ్డా పడకపోయినా చెల్లేవే, వానకని డబ్బు వెనక్కి ఇవ్వరు. ఇది తెలిసే కొనాలి. అసలు ఆ షెడ్ పుట్టిందే వానవల్ల. 1936లో బోస్టన్ సింఫనీ మొదటిసారి పడమటి మసాచుసెట్స్‌లోని బెర్క్‌షైర్ కొండల్లో వేసవి కచేరీలు చేసింది. మరుసటేడు టాంగిల్‌వుడ్ ఎస్టేటుకి మారి పెద్ద గుడారం కింద వాయించారు. 1937 ఆగస్టు 12న కార్యక్రమం అంతా జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీతమే. గాలివాన వచ్చిపడి, గుడారం కారి, మాటిమాటికీ కచేరి ఆపాల్సి వచ్చింది. ఆ వేసవి సంగీతోత్సవాన్ని ముందుండి నడిపిస్తున్న గెర్ట్రూడ్ రాబిన్సన్ స్మిత్ ఆ రాత్రే వేదికెక్కి, శాశ్వతంగా ఒక కప్పు కావాలి, చందాలివ్వండి అని అడిగారు. ఫిన్లండ్ వాస్తుశిల్పి ఎలియెల్ సారినెన్ గీసిన నమూనా ఖర్చు చేయి దాటిపోయింది. ఉన్న డబ్బుకి ఉత్త షెడ్ మాత్రమే వస్తుందని ఆయన అన్నారట. ఆ మాటే పేరుగా నిలిచిపోయింది. అక్కడి స్టాక్‌బ్రిడ్జ్ ఊళ్ళోనే ఉండే ఇంజనీరు జోసెఫ్ ఫ్రాంజ్ దాన్ని తేలిక చేసి కట్టించారు. 1938 ఆగస్టు 4న బీథోవెన్ తొమ్మిదో సింఫనీతో మొదలైంది. దారిలో మీ పాపకి ఈ కథ చెప్పండి. చినుకు పడినా అది ఏడుపు మొహం పెట్టదు.

చినుకు వేరు, పిడుగు వేరు. ఆ కొండల్లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు మామూలే. ఉరుము వినిపించిందంటే పిడుగు పడే దూరంలో మనం ఉన్నట్టే లెక్క. మెరుపుకీ ఉరుముకీ మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెట్టి ఐదుతో భాగిస్తే అది ఎన్ని మైళ్ళ దూరంలో ఉందో తెలుస్తుంది. కానీ ఆ లెక్క వేసుకుంటూ కూర్చోకండి. సిబ్బంది చెప్పే చోటికి వెళ్ళండి, లేదా కారెక్కి తలుపులు వేసుకోండి. చివరి ఉరుము వినిపించాక ముప్పై నిమిషాల వరకూ బయటికి రావద్దు. నీడ కోసం చెట్టు కింద కూర్చోమని కింద చెప్పబోతున్నాను. ఆ నీడ ఎండకే. ఉరుము వినిపించగానే మొదట వదలాల్సిన చోటు అదే. అత్తగారు నెమ్మదిగా నడుస్తారు కాబట్టి మబ్బు నల్లబడటం చూడగానే మీరు కదలండి, మిగతావాళ్ళు లేచేదాకా ఆగకండి.

ఏ ఆదివారం వెళ్ళాలన్నది టైము చూసి కాక కార్యక్రమం చూసి ఎంచుకోండి. చాలామంది ఖాళీగా ఉన్న వారాంతం చూసుకుని, ఆ రోజు ఏం వాయిస్తే అదే వింటారు. మొదటిసారికి అది చాలదు. గుస్తావ్ మాలర్ సింఫనీ పడిందనుకోండి, అది గంటన్నర దాకా సాగవచ్చు. గొప్ప సంగీతం, కానీ ఆరేళ్ళ పిల్లతో మొదటి రోజు వినాల్సింది కాదు. ఇంటర్వెల్‌కి ముందు ఒక కన్చెర్టో, అంటే ఒక వాద్యకారుడు ముందు నిలబడి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించేది, తర్వాత ముప్పై నలభై నిమిషాల సింఫనీ ఉన్న రోజు చూడండి. పిల్లలకీ పెద్దలకీ ఎవరిని చూడాలో తెలుస్తుంది కాబట్టి కన్చెర్టో తేలిగ్గా పట్టుబడుతుంది. సింఫనీల్లో చెక్ స్వరకర్త డ్వొర్జాక్ తొమ్మిదోది కానీ బీథోవెన్ ఏడోది కానీ ఆ సీజన్‌లో ఉంటే కళ్ళు మూసుకుని ఆ రోజుకి కొనేయండి. రెండూ సుమారు నలభై నిమిషాలే, రెండూ నాలుగేసి భాగాలు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అత్తగారి సంగతి. ఆవిడకి విసుగొస్తుందని మీరు భయపడుతున్నారు. మీ నలుగురిలో ఎక్కువగా వినగలిగేది ఆవిడే అని నా నమ్మకం. అయితే ఆవిడ చెవికి ముందుగా కొంచెం దారి చూపించాలి. లేకపోతే ఎంత పాండిత్యం ఉంటే అంత తికమక.

కర్ణాటక కచేరిలో తంబురా మొదటినుంచి చివరిదాకా ఒకే షడ్జం పలుకుతూ ఉంటుంది. ఎన్ని రాగాలు మారినా ఆ ఆధార శ్రుతి కదలదు. సింఫనీలో ఆ ఆధారమే కదులుతుంది. ఒక శ్రుతిలో మొదలైన పాట మనకి తెలియకుండానే ఇంకో శ్రుతికి జారుతుంది, అక్కణ్నించి మరో చోటికి వెళ్తుంది, చాలాసేపు తిరిగి చివరికి ఇల్లు చేరుతుంది. ఇది తెలియకపోతే కాళ్ళకింద నేల కదిలినట్టుంటుంది. తెలిస్తే ఆ తిరిగి రావడం కోసమే వినాలనిపిస్తుంది. మా అమ్మ మొదటిసారి వింటూ "వీళ్ళు శ్రుతి తప్పారేంటి" అంది. నేను ముందు చెప్పి ఉండాల్సింది. ఆ సంగతి చెప్పాక రెండోసారి వింటున్నప్పుడు "ఇదిగో, వచ్చేశారు" అని నా చెయ్యి నొక్కింది. సింఫనీ రూపం ఏమీ చదువుకోని మనిషి, సరిగ్గా తొలి రాగం తిరిగొచ్చిన చోటే నొక్కింది.

రెండోది, గమకాలు వెతుక్కోవద్దని చెప్పండి. ఇక్కడ స్వరాన్ని ఊపి అందం తీయరు, ఒక స్వరం కింద మరో మూడు స్వరాలు పేర్చి రంగు తెస్తారు. అందుకని పైన సాగే పాటనే కాక కింద చెల్లోలు, డబుల్ బేస్‌లు (వయొలిన్ జాతివే, పెద్దవి, మంద్రంగా పలికేవి) ఏం చేస్తున్నాయో కూడా వినమనండి. పాఠాలు చెప్పినావిడ కాబట్టి నోట్టు స్వరాలు నేర్పే ఉంటారు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకి సంస్కృత సాహిత్యం రాసినవి అవి. పాశ్చాత్యులు మేజర్ స్కేలు అనేదాని స్వరస్థానాలే మన శంకరాభరణానివి. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులే పాశ్చాత్య వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. అంటే అత్తగారు వినబోయేది పరాయి ఊరి పాటే అయినా, ఆ ఊరినుంచి రెండువందల ఏళ్ళ కిందటే మనింటికి చుట్టరికం వచ్చింది. ఈ మాట వినగానే ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు, చూడండి.

బీథోవెన్ ఏడో సింఫనీ దొరికితే దాని రెండో భాగం ఇంట్లోనే వినిపించండి. తొలినుంచీ ఒకే లయ నడుస్తుంది. ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు, రెండు దీర్ఘాలు. ఛందస్సు వచ్చినవాళ్ళకి భగణం మీద రెండు గురువులు. మొదట లోతైన తంత్రీ వాద్యాలు మెల్లగా మొదలుపెడతాయి, దాని మీద ఒక్కో వరస చేరుతూ పోతుంది. 1813 డిసెంబరు 8న వియన్నాలో మొదటిసారి వాయించినప్పుడే ఈ భాగాన్ని మళ్ళీ వాయించమని జనం అడిగారు. అత్తగారి వేళ్ళు వాటంతటవే తొడ మీద పడతాయి. పేరున్న అమెరికన్ కండక్టర్ (ఆర్కెస్ట్రాని ముందు నిలబడి నడిపించే మనిషి) లెనార్డ్ బెర్న్‌స్టెయిన్ తన ఆఖరి కచేరి 1990 ఆగస్టు 19న ఇదే టాంగిల్‌వుడ్‌లో ఇదే సింఫనీతో ముగించారు. అప్పటికే ఆరోగ్యం బాగా పాడైంది, రెండు నెలలు తిరగకుండానే పోయారు. 1940లో కండక్టర్ కూసెవిట్‌స్కీ ఇక్కడ వేసవి సంగీత పాఠశాల మొదలుపెట్టినప్పుడు మొదటి బ్యాచ్ విద్యార్థుల్లో బెర్న్‌స్టెయిన్ ఒకరు. విద్యార్థిగా వచ్చిన చోటే ఆఖరి కచేరి. ఆ లాన్ మీద కూర్చున్న ప్రతిసారీ నాకు అది గుర్తొస్తుంది.

డ్వొర్జాక్ అయితే మీకు ఇంకో దారి ఉంది. ఆయన చెక్ దేశంలోని బొహీమియా నుంచి న్యూయార్క్ వచ్చి ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 1893లో రాసిన సింఫనీ అది. రెండో భాగంలో ఇంగ్లిష్ హార్న్ అనే వాద్యం నెమ్మదిగా ఒక పాట ఎత్తుకుంటుంది. పేరు హార్న్ అయినా అది మన నాదస్వరంలాగా జంట రీడుతో ఊదే వాద్యమే. ఊరికి దూరంగా ఉన్నవాళ్ళకి ఆ పాట ఎందుకు తగులుతుందో నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా, వెళ్ళడానికి ముందు రెండు వారాలు ఇంట్లో, కార్లో ఆ ఒక్క సింఫనీ పెట్టుకోండి. శ్రద్ధగా వినాలని లేదు, వంట చేస్తున్నప్పుడు వెనక మోగుతుంటే చాలు. ఆరుబయట గాలి, పక్షులు, పక్కవాళ్ళ గ్లాసుల చప్పుడు మధ్య కొత్త సంగీతాన్ని పట్టుకోవడం కష్టం. తెలిసిన పాటైతే గాలి ఒక ముక్క ఎగరేసుకుపోయినా మన చెవి పూరించుకుంటుంది. కార్యక్రమం మొత్తం వినిపించాలని చూడకండి, ఒక్కటి చాలు.

పాపకి ఇంకో పని అప్పగించండి. నాలుగైదు వాద్యాల బొమ్మలు ఒక కాగితం మీద గీసి ఇవ్వండి: వయొలిన్, చెల్లో, ఫ్లూట్, ఫ్రెంచ్ హార్న్, టింపనీ అనే పెద్ద డ్రమ్ములు. ఏది వినిపిస్తే దానికి రంగు వేయాలి. షెడ్ పక్కన పెద్ద తెరల మీద వాద్యకారులని చూపిస్తారు, అది పాపకి బాగా ఉపయోగపడుతుంది. ఒక జత బైనాక్యులర్స్ ఉంటే ఇంకా మంచిది. కచేరి మొదలయ్యే ముందు ఓబో అనే ఊదే వాద్యం ఒక స్వరం పట్టుకుంటుంది, అందరూ దానికి శ్రుతి సరిచూసుకుంటారు. ఆ నిమిషం పాపని లేపి నిలబెట్టి చూపించండి. ఇంటర్వెల్‌లో దాన్ని పరిగెత్తనివ్వండి. రెండో సగంలో నిద్రపోతే పోనివ్వండి, ఫోను మాత్రం ఇవ్వకండి. ఫోను చేతికొచ్చిన క్షణంలో పాప కచేరి అయిపోతుంది. మారాం మొదలైతే మీరో మీవారో ఒకరు ఎత్తుకుని లాన్ వెనక వైపు నడిచేయండి. అక్కడ కూడా సంగీతం వినిపిస్తుంది. ఇది ముందే మాట్లాడుకోండి, మొదటి సగం ఒకరి వంతు, రెండో సగం ఇంకొకరిది. అప్పుడు ఇద్దరిలో ఒకరైనా నిశ్చింతగా వింటారు.

లాన్ మీద చోటు ఎంచుకోవడమే అసలు పని, దానికోసమే ముందుగా వెళ్ళాలి. గేట్లు కచేరికి చాలా ముందే తెరుస్తారు. పన్నెండున్నరకల్లా మీరు లోపల ఉండేలా చూసుకోండి. షెడ్‌కి ఆనుకుని ముందు కూర్చుంటే వాద్యకారులు కొంచెం కనిపిస్తారు, కానీ అక్కడ నీడ ఉండదు, దుప్పట్లు ఒకదాన్నొకటి తగులుతుంటాయి. మీకు కావలసింది ఒక పక్కగా ఉన్న పెద్ద చెట్టు నీడ. తెర కనిపించాలి, స్పీకరు మరీ దగ్గరగా ఉండకూడదు. ఎండ రెండున్నరకి ఒక చోట ఉంటే నాలుగింటికి ఇంకో చోట ఉంటుంది. నీడ తూర్పు వైపుకి జరుగుతుంది కాబట్టి చెట్టుకి ఆ వైపు కూర్చుంటే చివరిదాకా నీడ మీదే. నేను ఇది నేర్చుకునేలోపు రెండు వేసవులు పట్టింది, మొహం కమిలిపోయింది.

దూరంగా కూర్చుంటే శబ్దం తగ్గుతుందన్న బెంగ వద్దు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. వేదికకి వంద మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకి దాదాపు మూడో వంతు సెకను ఆలస్యంగా చేరుతుంది. అందుకే ఇలాంటి మైదానాల్లో దూరపు స్పీకర్లకి శబ్దాన్ని ఆ మేరకు ఆపి పంపుతారు, రెండూ కలిసి ఒకటిగా వినిపించాలని. అయినా స్పీకరుకి ఎదురుగా కూర్చుంటే ఆర్కెస్ట్రా అంతా ఒక డబ్బాలోంచి వస్తున్నట్టుంటుంది. పదిహేను ఇరవై అడుగులు పక్కకి జరిగి ఒకసారి విని చూడండి. దుప్పటి పరిచే ముందు ఈ పని చేస్తే మంచిది, పరిచాక ఎవరూ కదలరు.

అత్తగారిని నేల మీద కూర్చోబెట్టకండి. వీపుకి ఆనుకునే వీలు, చేతులకి ఆసరా ఉన్న మడత కుర్చీ తీసుకెళ్ళండి. మరీ ఎత్తుది కాకుండా చూసుకోండి, వెనకవాళ్ళకి అడ్డమవుతుంది. మోకాళ్ళు మరీ మడవాల్సినంత తక్కువదీ వద్దు, లేవలేరు. ఇంట్లో ఒకసారి కూర్చోబెట్టి, ఎవరి సాయం లేకుండా లేవగలుగుతున్నారో లేదో చూడండి. పార్కింగ్ ఉచితమే, కానీ అక్కణ్నించి గేటుదాకా, గేటునుంచి లాన్‌దాకా నడక చాలానే ఉంటుంది. నడవలేనివాళ్ళ కోసం గోల్ఫ్ బండ్లు తిప్పుతారు. కారు ఆపగానే సిబ్బందిని అడగండి, మొహమాటపడకండి. అత్తగారు "ఫర్వాలేదమ్మా, నడుస్తాను" అంటారు. నడుస్తారు కూడా. దాని ఫలితం సోమవారం ఉదయం తెలుస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట. పెద్దవాళ్ళు బాత్రూముకి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు, ఎండలో అది ప్రమాదం. చోటు ఎంచుకునేటప్పుడే బాత్రూమ్ ఎంత దూరమో ఆవిడకి చూపించండి. ఇంటర్వెల్ గంట కొట్టగానే వెళ్తే క్యూ. ముందు భాగం అయిపోతుండగా ఒక చప్పట్ల విరామంలో వెళ్ళొస్తే హాయి.

తీసుకెళ్ళాల్సినవి పెద్ద జాబితా ఏమీ కాదు. దుప్పటి కింద నీళ్ళు ఊరని షీటు ఒకటి తప్పనిసరి. ముందురోజు వాన పడితే పైకి గడ్డి ఆరినట్టే ఉంటుంది, అరగంట కూర్చుంటే బట్టలు తడుస్తాయి. టోపీలు, సన్‌స్క్రీన్, దోమల మందు, ఒక్కొక్కరికి ఒక పల్చటి స్వెటర్, రెయిన్‌కోట్లు. అది కొండ ప్రాంతం, మబ్బు పడితే జూలైలో కూడా చలి గాలి వీస్తుంది. తిండి చేత్తో తీసుకుని తినేలా, మూత తీస్తే చప్పుడు చేయని డబ్బాల్లో పెట్టుకోండి. కరకరలాడే ప్యాకెట్లన్నీ కచేరికి ముందే అవగొట్టేయండి. లాన్ మీద తినడం తాగడం మామూలే, కొందరు టేబుల్ గుడ్డలు పరిచి పూలు పెట్టి మరీ తింటారు. గ్రిల్లులు, గుడారాలు ఒప్పుకోరు. అడవి అంచున ఉన్న పొడుగు గడ్డిలోకి పాపని వెళ్ళనివ్వకండి. ఆ ప్రాంతంలో లైమ్ జబ్బు తెచ్చే పేలలాంటి పురుగులు, టిక్స్, ఉంటాయి. ఇంటికొచ్చాక స్నానం చేయిస్తూ చెవుల వెనక, మోకాళ్ళ వెనక, జుట్టులో వెతకండి. అవి ఒంటికి పట్టుకుని సాధారణంగా ఒక రోజు దాటితేనే జబ్బు అంటుకుంటుంది, కాబట్టి ఆ రాత్రే చూసి తీసేస్తే భయం చాలా తగ్గుతుంది.

చప్పట్ల గురించి మీరు అడగలేదు కానీ చెప్తాను, కొత్తవాళ్ళు లోలోపల దీనికే బిడియపడతారు. సింఫనీ భాగాల మధ్య నిశ్శబ్దం వస్తుంది, అయిపోయిందనుకుని కొడతాం. కండక్టర్ చేతులు దించి జనం వైపు తిరిగాక కొడితే ఏ గొడవా లేదు. ఒకవేళ ముందే కొట్టినా ఎవరూ ఏమీ అనుకోరు, లాన్ మీద ప్రతి ఆదివారం ఎవరో ఒకరు కొడతారు. మంచి బట్టలు వేసుకోవాలా అంటే, కూర్చోవడానికి వీలైనవి వేసుకోండి.

దారి సంగతి. బోస్టన్ నుంచి మాస్ పైక్ అనే హైవే మీద పడమరగా దాదాపు 130 మైళ్ళు. ఉదయం తొమ్మిదిన్నరకి బయల్దేరండి. వెస్ట్‌ఫీల్డ్ దాటాక దాదాపు 30 మైళ్ళ దాకా ఎగ్జిట్ అనేదే లేదు, మధ్యలో బ్లాండ్‌ఫర్డ్ సర్వీస్ ప్లాజా ఒక్కటే దిక్కు. అక్కడ ఆగి అత్తగారిని రెండు నిమిషాలు నడిపించండి. బెకెట్ దగ్గర రోడ్డు 1,700 అడుగుల పైకెక్కుతుంది, బోర్డు కూడా ఉంటుంది, పాపకి చూపించండి. దిగాల్సింది లీ ఎగ్జిట్, నంబరు 10. పాత నంబరు 2 అని ఎవరైనా చెప్తే కంగారుపడకండి, నంబర్లు మారాయి. అక్కణ్నించి లెనాక్స్ మీదుగా వెళ్ళాలి, ఆఖరి రెండు మైళ్ళు కార్ల బారు మెల్లగా కదులుతుంది. ఆ టైము కూడా లెక్కలో వేసుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు కచేరి అవ్వగానే పరిగెత్తకండి. నలభై నిమిషాలు అక్కడే కూర్చుంటే పార్కింగ్ సగం ఖాళీ అవుతుంది. ఎస్టేటు పైనుంచి కింద స్టాక్‌బ్రిడ్జ్ బౌల్ చెరువు, వెనక కొండలు కనిపించే చోటు ఉంది, అత్తగారిని బండిలోనైనా అక్కడిదాకా తీసుకెళ్ళండి. ఆదివారం సాయంత్రం స్టర్‌బ్రిడ్జ్ దగ్గర 84వ నంబరు హైవే కలిసే చోట ట్రాఫిక్ ఆగుతుంది. దానికంటే ముందే ఎక్కడైనా భోజనానికి ఆగితే అందరికీ ఓపికగా ఉంటుంది.

ఒకవేళ ఇంత దూరం ఒకే రోజు వద్దనిపించి లెనాక్స్ చుట్టుపక్కల ఒక రాత్రి ఉండేట్టయితే, శనివారం ఉదయం ఓపెన్ రిహార్సల్ ఉందేమో చూడండి. మరుసటి రోజు వాయించేదాన్నే మామూలుగా అప్పుడు సాధన చేస్తారు. కండక్టర్ మధ్యలో ఆపి, ఏదో చెప్పి, అదే ముక్క మళ్ళీ వాయిస్తారు. పాఠం చెప్పిన మనిషికి అంతకంటే ఇష్టమైనది ఇంకొకటి ఉండదు. మీవారు అడిగిన షెడ్ కుర్చీలు ఆ రోజుకి తీసుకోండి. అత్తగారిని ఆయన పక్కన కూర్చోబెట్టి, మీరూ పాపా బయట గడ్డి మీద ఉండండి. మర్నాడు మధ్యాహ్నం లాన్ మీద అదే సింఫనీ మొదలైనప్పుడు, ఎక్కడ ఏం వస్తుందో ఆవిడే మీ అందరికీ ముందుగా చెప్తుంటారు.